వేసవి తొలినాళ్ల కొండ వాతావరణం: ముందు చూడవలసింది గాలిని

కొండల్లో నడిచేవారికి అన్నిటికంటే ప్రమాదకరమైన కాలం ఏదని అడిగితే ఎక్కువమంది చలికాలమనే చెబుతారు. చలికాలంలో కొండ తన స్వభావాన్ని దాచుకోదు. మంచు కింది ఊరినుంచే కనిపిస్తుంది, చలి గడప దాటకముందే తెలుస్తుంది. అందుకే బయలుదేరేవారు తగినట్టుగా సిద్ధపడతారు, సిద్ధపడనివారు అసలు బయలుదేరరు. నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేసవి తొలినాళ్లు, అంటే ఉత్తరార్ధగోళంలో మే మధ్యనుంచి జూన్ చివరిదాకా సాగే రోజులు. అప్పటికి లోయలో వేసవి వచ్చేసి ఉంటుంది, పైన ఇంకా వచ్చి ఉండదు. ఉదయం పల్చని చొక్కాతో బయలుదేరిన మనిషి అదే మధ్యాహ్నం తడి బట్టలతో, కోసేసే గాలిలో నిలబడవలసి రావచ్చు. అటువంటి రోజున ప్రమాదం జరిగితే "కొండ వాతావరణం ఎవరికీ అంతుపట్టదు" అని ఒక్క మాటతో తేల్చివేయడం మనకు అలవాటైపోయింది. ఆ మాటను నేను ఒప్పుకోను. ఆ ప్రమాదాల వెనక ఉన్న కారణాల్లో చాలావాటిని ఒకరోజు ముందుగానే పసిగట్టవచ్చు. కాకపోతే వాతావరణ సూచన తెరవగానే మనం ఎండా వానా అన్న బొమ్మ చూస్తాం, తరవాత ఉష్ణోగ్రత చూస్తాం, గాలిని చివరన చూస్తాం లేదా చూడనే చూడం. ఈ వరుసను తిరగవేయాలన్నదే నా వాదన.

పైన వేసవి ఆలస్యం కావడానికి కారణం మంచే. ఉత్తరార్ధగోళంలో సూర్యుడు అన్నిటికంటే ఎత్తుగా ఉండేది జూన్ 21 ప్రాంతంలో. ఆ ఎండ కింద నేలను నేరుగా వేడెక్కిస్తుంది. మంచు పరుచుకున్న వాలు మీద పడినప్పుడు మాత్రం అందులో పెద్ద భాగం తిరిగి ఆకాశంలోకి పోతుంది, మిగిలినది మంచును కరిగించడానికే ఖర్చవుతుంది. సున్నా డిగ్రీల వద్ద ఉన్న ఒక కిలో మంచును నీరుగా మార్చడానికి ఎంత వేడి కావాలో, అదే నీటిని సున్నానుంచి 80 డిగ్రీలదాకా వేడిచేయడానికి దాదాపు అంతే కావాలి. అందువల్ల మంచు కరగడం పూర్తయ్యేదాకా ఆ వాలు వేడెక్కదు. ఎండ మండిపోతుంటుంది, కాలికింది నేల మాత్రం చల్లగానే ఉంటుంది. వేసవి తొలినాళ్లకు ప్రత్యేకమైన చిక్కులన్నీ, అంటే మధ్యాహ్నపు ఉరుములు, సాయంత్రం పొంగే వాగులు, తెల్లవారకముందే మెత్తబడే మంచు, ఈ ఒక్క వైరుధ్యంనుంచే పుట్టుకొస్తాయి.

ఫోనులో కనిపించే ఉష్ణోగ్రత ఎక్కడిదో ముందుగా అడగాలి. అది సాధారణంగా దగ్గరలోని ఊరిది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి సగటున ప్రతి వెయ్యి మీటర్లకు 6.5 డిగ్రీల చొప్పున చల్లబడుతుంది. గాలి పొడిగా ఉండి బాగా కలగలిసిన మధ్యాహ్నం ఆ తగ్గుదల 9.8 డిగ్రీలకు చేరవచ్చు. 1,000 మీటర్ల ఎత్తులో ఉన్న ఊళ్లో 25 డిగ్రీలు ఉంటే, 4,000 మీటర్ల కనుమ మీద ఐదున్నర ఉంటుందని అంచనా వేసుకోవాలి. ఇంకో ఇబ్బంది కూడా ఉంది. సూచనలను తయారుచేసే ప్రపంచవ్యాప్త కంప్యూటరు నమూనాలు భూమిని గళ్లుగా విభజించి లెక్కకడతాయి. వాటిలో మేలైనదిగా పేరున్న ఐరోపా మధ్యశ్రేణి వాతావరణ సూచన కేంద్రపు నమూనాలో ఆ గడి సుమారు 9 కిలోమీటర్లు. శిఖరమూ లోయా రెండూ ఒకే గడిలో పడితే, నమూనాకు తెలిసేది ఆ రెంటి సగటు ఎత్తే. దానికి ఆ శిఖరం లేదు, ఆ కనుమ లేదు, ఆ కనుమలో ఇరుకున పడి వేగం పుంజుకునే గాలీ లేదు. కాబట్టి ఊరి పేరు కొట్టి చూసిన అంకెను పట్టుకుని కనుమ దాటడానికి సిద్ధపడేవారు తాము వెళ్లని చోటి వాతావరణానికి సిద్ధపడుతున్నట్టే లెక్క.

గాలిని కూడా అలాగే తప్పుగా చదువుతాం. సూచనల్లో మామూలుగా ఇచ్చేది నేలకు పది మీటర్ల ఎత్తులో వీచే గాలి, అదీ ఆ నమూనాకు తెలిసిన నేలకు. ఉచితంగా దొరికే వాతావరణ పటాలు చాలావాటిలో పీడనస్థాయినిబట్టి గాలిని చూసే వీలుంటుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి పీడనం తగ్గుతుంది, దాన్ని హెక్టోపాస్కళ్లలో కొలుస్తారు: 700 హెక్టోపాస్కళ్ల స్థాయి సుమారు 3,000 మీటర్ల ఎత్తుకు, 600 స్థాయి సుమారు 4,200 మీటర్లకు, 500 స్థాయి సుమారు 5,500 మీటర్లకు సరిపోతాయి. మీరు దాటబోయే కనుమకు దగ్గరగా ఉన్న స్థాయిని ఎంచుకుని, అక్కడి గాలి గంటకు ఎన్ని కిలోమీటర్లో చూడండి. రెండు నిమిషాల పని ఇది. ఎండ బొమ్మ ఎన్నడూ చెప్పని సంగతిని ఈ అంకె చెబుతుంది. ఆకాశం అద్దంలా ఉన్న రోజున కూడా శిఖరరేఖ మీద మనిషి నిలబడలేని గాలి వీయవచ్చు. గాలి తోపు దాని వేగపు వర్గాన్నిబట్టి పెరుగుతుంది. గంటకు 40 కిలోమీటర్లు 80 అయితే తోపు రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. వీపున పెద్ద సంచి ఉన్నవారికి, ఇరుకు దారిలో అడుగులు వేసేవారికి ఆ తేడా ఏమిటో చెప్పనక్కరలేదు.

చలి విషయంలోనూ అంతే. గాలి శరీరంనుంచి వేడిని ఎంత త్వరగా లాక్కుపోతుందో మొదటిసారి పద్ధతిగా కొలిచినవారు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్ అనే అమెరికన్లు. అంటార్కిటికాలో గాలికి వేలాడదీసిన గొట్టంలోని నీరు గడ్డకట్టడానికి పట్టే సమయాన్ని వారు లెక్కగట్టారు. అమెరికా, కెనడాలు ఆ లెక్కను 2001లో మనిషి ముఖచర్మానికి సరిపోయేలా సవరించాయి. ఆ సూత్రంలో మన ఐదున్నర డిగ్రీలనూ గంటకు 40 కిలోమీటర్ల గాలినీ వేస్తే వచ్చేది సున్నా, అంటే గాలి లేనప్పటి సున్నా డిగ్రీల చలిలా ఒంటికి తగులుతుంది. ఇది పొడి చర్మానికి వచ్చే అంకె. చర్మమూ బట్టా తడిస్తే ఆ సూత్రం చాలదు, ఎందుకంటే నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది, పైగా ఆరేటప్పుడు మరికొంత తీసుకుపోతుంది. చలికాలంలో మైనస్ పది డిగ్రీల వద్ద కురిసే మంచును దులుపుకుని పోవచ్చు. వేసవి తొలినాళ్లలో మూడు నాలుగు డిగ్రీల వద్ద కురిసే వాన బట్టలోకి ఇంకుతుంది. గాలితో కలిసిన ఆ వాననే నేను మంచుకన్నా ఎక్కువగా భయపడవలసిన శత్రువుగా భావిస్తాను.

దీనికి 2021 మే 22న చైనాలోని గాన్సు రాష్ట్రంలో జరిగిన దుర్ఘటనకంటే బలమైన సాక్ష్యం లేదు. వంద కిలోమీటర్ల కొండ పరుగుపందెంలో 172 మంది బయలుదేరారు. మధ్యాహ్నానికి ఈదురుగాలి, చల్లని వాన, వడగళ్లు ముంచుకొచ్చాయి. 21 మంది చనిపోయారు. వారిలో ఆ దేశంలో పేరుమోసిన పరుగుగాళ్లూ ఉన్నారు. దార్ఢ్యానికి లోటు లేనివారు. చాలామంది ఒంటిమీద ఉన్నవి పొట్టి నిక్కరు, పల్చని చొక్కా. గాలినీ వాననూ ఆపే కోటు వెంట ఉండి తీరాలన్న నిబంధన ఆ పందెంలో లేదు, ఉంటే మంచిదన్న సలహా మాత్రమే ఉంది. గొర్రెలు కాసుకునే ఒకాయన కొందరిని తాను తలదాచుకున్న గుహలోకి తీసుకుపోయి, మంట వేసి బతికించాడు. వారిని కాపాడినది మరేదో కాదు: గాలికి అడ్డు, పొడి చోటు, వేడి. మన దేశంలో 2024 జూన్ మొదటి వారంలో ఉత్తరాఖండ్‌లోని సహస్ర తాల్ దారిలో 22 మంది ట్రెక్కర్ల బృందం మంచుతుఫానులో చిక్కుకుంది, తొమ్మిది మంది ప్రాణాలు కోల్పోయారు. తేదీలు గమనించండి. రెండూ లోయల్లో ఎండలు కాసే రోజులే.

హైపోథెర్మియా గురించి రాసేటప్పుడు శరీరపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకన్నా దిగజారడం అని నిర్వచనం ఇస్తారు. కొండమీద ఎవరూ ఆ అంకెను చూడరు, చూడగలిగేది చేతులను. ఒకసారి వానలో కనుమ దిగుతున్నప్పుడు నా ముందు నడుస్తున్న పెద్దాయన ఒకరు ఆగి, కోటు జిప్పు పైకి లాగబోయారు. వేళ్లు జిప్పు పిడిని తాకుతున్నాయి, పట్టుకోలేకపోతున్నాయి. రెండుసార్లు జారిపోయాక చేతులు వదిలేసి, కోటు తెరిచి ఉండగానే నడవసాగారు. "ఏమైనా ఇబ్బందిగా ఉందాండీ?" అని అడిగితే, "ఏం లేదండీ, పదండి, పదండి" అన్నారు, ఆ మాటలు కాస్త ముద్దగా. ప్రమాదం అక్కడే ఉంది. చలి ముందుగా వేళ్లను, తరవాత నడకను, ఆపైన మాటను, చివరకు తన పరిస్థితి తనకు తెలిసే వివేకాన్ని తీసుకుపోతుంది. "బాగానే ఉన్నాను" అన్న మాటను ఆ దశలో నమ్మకూడదు. ఆయనను ఒక బండ చాటుకు తీసుకుపోయి, తడి చొక్కా విప్పించి, పొడి ఉన్ని బనీను తొడిగి, కోటు జిప్పు మేమే వేసి, తీపి తినిపించి, గాలి తగలని వైపునుంచి దింపాం. అరగంటలో వణుకు మొదలైంది. అది మంచి గుర్తు, ఎందుకంటే వణకడం మానేసిన ఒళ్లు పోరాటం మానేసిన ఒళ్లు.

ఇక్కడ కోటు ఎప్పుడు వేసుకోవాలన్నది కోటు ఉండడమంత ముఖ్యం. వాన తడిపాక వేసుకుంటే తడిని లోపల మూటగట్టుకోవడమే అవుతుంది. కనుమ మీదకు వెళ్లి, గాలి కొట్టాక సంచి విప్పితే చేతులు అప్పటికే మొద్దుబారి ఉంటాయి. కనుమకు వంద మీటర్ల దిగువన, ఇంకా చాటు ఉన్నచోట ఆగి, చేతి తొడుగులూ టోపీ కోటూ అన్నీ అక్కడే వేసుకుని, ఏదైనా తిని, ఆపైన కనుమను ఆగకుండా దాటాలి. నూలు బట్టలు తడిస్తే ఆరవు, వెచ్చదనాన్ని నిలపవు. వాటిని లోయలోనే వదిలేయాలి.

మధ్యాహ్నపు ఉరుములకు ఒక గడియారం ఉంటుంది. పొద్దున్నే ఎండ తగిలిన వాలు చుట్టూ ఉన్న గాలికంటే ముందుగా వేడెక్కుతుంది, ఆ వేడిగాలి వాలు వెంట పైకి పాకుతుంది, దాని చోటును నింపడానికి లోయలోని తేమగాలి కదులుతుంది. కరుగుతున్న మంచూ తడినేలా ఆ తేమను ఇంకా పెంచుతాయి. తొమ్మిది పది గంటలకు శిఖరాల మీద ఏకిన దూదిలాంటి చిన్న మబ్బులు పుడతాయి. అవి పుట్టడం ప్రమాదమేమీ కాదు. చూడవలసింది అవి వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువగా పెరుగుతున్నాయా అన్నది. అంచులు పదునుగా ఉండి పైకి ఉబుకుతున్నంతసేపూ మబ్బు ఎదుగుతూనే ఉంది. పైభాగం మసకబారి, చదునై, పక్కలకు పరుచుకుంటే అది ఉరుముమబ్బుగా మారిపోయింది. పదిగంటలకే మబ్బులు నిటారుగా లేస్తుంటే మధ్యాహ్నందాకా ఆగవలసిన పనిలేదు, జవాబు అప్పుడే తెలిసిపోయింది. మబ్బు అడుగు ఎంత ఎత్తున ఉంటుందో కూడా లోయలోనే లెక్కవేయవచ్చు: గాలి ఉష్ణోగ్రతకూ మంచుబిందు ఉష్ణోగ్రతకూ (అంటే గాలి చల్లబడి అందులోని తేమ నీటిబొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రతకు) ఉన్న తేడాను 125తో గుణిస్తే మీటర్లలో ఎత్తు వస్తుంది. 24, 12 అయితే లోయకు 1,500 మీటర్ల పైన మబ్బు మొదలవుతుంది. మీ కనుమ లోయకు 2,000 మీటర్ల పైన ఉంటే ఆ మధ్యాహ్నం దాన్ని మబ్బులోనే దాటవలసి వస్తుంది.

పిడుగు సంగతి చెప్పేటప్పుడు నాకు సి.టి.ఆర్. విల్సన్ అనే భౌతికశాస్త్రవేత్త గుర్తుకొస్తాడు. స్కాట్లండ్‌లోని బెన్ నెవిస్ శిఖరం మీద 1883నుంచి 1904దాకా ఒక వాతావరణ పరిశీలనాలయం నడిచింది. దానికి దారివేసినవాడు క్లెమెంట్ రాగ్. 1881 జూన్ 1న మొదలుపెట్టి అక్టోబరుదాకా రోజూ ఆ కొండెక్కి కొలతలు తీశాడు. విల్సన్ 1894 సెప్టెంబరులో ఆ పరిశీలనాలయంలో కొద్దివారాలు పనిచేస్తూ మబ్బుల మీద సూర్యకాంతి చేసే చిత్రాలు చూసి, వాటిని ప్రయోగశాలలో పుట్టించబోయి, కంటికి కనిపించని కణాల దారిని సన్నని మబ్బుచారలుగా చూపే మేఘపేటికను తయారుచేశాడు. అందుకే 1927లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. 1895 జూన్‌లో మళ్లీ అక్కడికి వెళ్లినప్పుడు, పక్కనే ఉన్న కార్న్ మోర్ డెర్గ్ శిఖరం మీద అతని తలవెంట్రుకలు ఒక్కసారిగా నిక్కబొడుచుకున్నాయి. ఆలోచించడానికి ఆగలేదు, వాలు వెంట కిందికి పరుగెత్తాడు, వెంటనే మెరిసింది. వెంట్రుకలు లేవడం, లోహపు వస్తువులు సన్నగా రొదచేయడం చివరి హెచ్చరికలు. అంతదాకా రానివ్వకూడదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య మూడు సెకన్లకు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లలోపు వినిపిస్తే శిఖరరేఖ విడిచి దిగాలి, ఆఖరి ఉరుము తరవాత అరగంట గడవకుండా తిరిగి ఎక్కకూడదు. ఒంటరి చెట్టు, బండకింది గూడు, గుహ ముఖద్వారం చాటనిపిస్తాయి కాని పిడుగు పడ్డాక నేలగుండా పాకే విద్యుత్తు అక్కడ మనిషి ఒంటిగుండా పోతుంది. గుంపుగా ఉండకుండా ఎడంగా విడిపోవాలి, అప్పుడు ఒకరు పడినా మిగిలినవారు సాయానికి రాగలుగుతారు.

వేసవి మంచును గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. రాత్రి ఆకాశం తేటగా ఉంటే మంచు తన వేడిని ఆకాశానికి వదిలేసి, గాలి ఒకటి రెండు డిగ్రీల వద్ద ఉన్నా పైపొర గట్టిపడుతుంది. తెల్లవారుజామున దానిమీద అడుగు నిలుస్తుంది, కొన్ని గంటలు సాఫీగా నడవవచ్చు. రాత్రి మబ్బు పట్టి ఉంటే ఆ వేడి పోవడానికి దారి ఉండదు, మంచు గట్టిపడదు. గుడారంలో హాయిగా నిద్రపట్టిన వెచ్చని మబ్బు రాత్రి అన్నది మరునాటి వాలుకు చెడు కబురు. అటువంటి ఉదయం ఐదింటికి బయలుదేరినా తొడలోతు దిగబడతారు, నిటారు వాలుల మీద తడిమంచు జారిపడే ప్రమాదం పొద్దెక్కకముందే మొదలవుతుంది. త్వరగా బయలుదేరడమొక్కటే అన్నిటికీ మందు అనేవారితో నేను ఏకీభవించనిది ఇందుకే.

వాగుల దగ్గర మాత్రం వారి మాట నిజం. పొద్దున ఆరింటికి ఒక వాగు పిక్కలదాకా, తేటగా పారుతుంటుంది. మధ్యలోని రాళ్ల నెత్తులు పొడిగా ఉంటాయి, వాటి మీద అడుగు వేసుకుంటూ పోవచ్చు. సాయంత్రం నాలుగింటికి అక్కడే ఆ రాళ్ల జాడ ఉండదు. నీరు మట్టిరంగుకు తిరిగి ఉంటుంది, కొద్దిసేపు చెవిపెట్టి వింటే అడుగున గుండ్లు దొర్లుతున్న మొద్దు చప్పుడు వినిపిస్తుంది. వాన చుక్క పడకపోయినా ఇంతే, ఎందుకంటే పైన పగలంతా కరిగిన మంచు ఆ వేళకు అక్కడికి చేరుతుంది. మంచుకు దూరంగా ఉన్న వాగుల్లో ఈ పోటు ఇంకా ఆలస్యంగా, ఒక్కోసారి రాత్రికి వస్తుంది. మోకాలు దాటిన వడినీటిలో దిగకూడదు. గుండ్లు దొర్లే చప్పుడు వినిపిస్తే ఆ వాగును ఆరోజు వదిలేసి, ఒడ్డునే గుడారం వేసి, తెల్లవారాక దాటాలి. వాగు మీద మిగిలిపోయిన మంచు వంతెనలు ఇంకా మోసకారివి: కింద నీరు వాటిని లోపలినుంచి తొలిచేస్తుంటుంది, పైకి నిన్నటిలాగే కనిపిస్తాయి.

ఎండ విషయం క్లుప్తంగా చెబుతాను. ప్రతి వెయ్యి మీటర్లకు అతినీలలోహిత కిరణాలు 10నుంచి 12 శాతం పెరుగుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది; కొత్త మంచు అందులో 80 శాతందాకా తిరిగి మొహాన కొడుతుంది. మబ్బు పల్చగా ఉన్నా, చలిగా ఉన్నా కళ్లద్దాలు తీయకూడదు, ఎందుకంటే కళ్లకు తగిలిన దెబ్బ వెంటనే తెలియదు, గంటల తరవాత రాత్రి గుడారంలో ఇసుక పడ్డట్టు మంట మొదలవుతుంది.

సిగ్నల్ లేనిచోట వాతావరణం మారుతోందని తెలుసుకోవడానికి చేతిగడియారంలోని ఎత్తుమాపకం చాలు. అది నిజానికి కొలిచేది గాలి పీడనాన్ని. మూడు వేల మీటర్ల ప్రాంతంలో పీడనం ఒక హెక్టోపాస్కల్ తగ్గితే అది సుమారు పది పదకొండు మీటర్లు ఎత్తుకు వెళ్లినట్టు చూపిస్తుంది. రాత్రి పడుకునేముందు ఎత్తును రాసుకుని, పొద్దున మళ్లీ చూడాలి. గుడారం కదలకపోయినా అంకె నలభై మీటర్లు పెరిగిందంటే పీడనం నాలుగు హెక్టోపాస్కళ్లదాకా పడిపోయింది, గాలీ వానా దగ్గరలో ఉన్నాయని అర్థం. శిఖరాల పక్కన గాలివాటుకు నునుపుగా, కదలకుండా నిలిచే కటకాకారపు మబ్బులు కూడా తోడైతే పైన గాలి అప్పటికే బలంగా ఉన్నట్టే.

ఇన్ని తెలిసినా పోతున్న ప్రాణాలు పోతూనే ఉన్నాయంటే కారణం తెలియకపోవడమొక్కటే కాదు, ఆగడానికి ప్రణాళికలో చోటు లేకపోవడం కూడా. మనవైపు జరిగే బృందయాత్రలు చాలావాటిలో రోజులన్నీ ముందే బిగించేసి ఉంటాయి: ఫలానా రోజు కనుమ, మరునాడు దిగడం, ఆ మరునాడు రైలు. గాలి 70 కిలోమీటర్లని ముందురోజే తెలిసినా నాయకుడు ఆగమనలేడు, ఎందుకంటే ఆగితే పదిహేనుమంది ప్రయాణాలు తప్పుతాయి. అప్పుడు నిర్ణయం తీసుకునేది వాతావరణం కాదు, టికెట్టు. అదనపు రోజు పెట్టే నిర్వాహకులు కూడా దాన్ని తరచు చివరన, దిగాక విశ్రాంతికని పెడతారు. మే, జూన్ నెలల యాత్రలో ఆ రోజు ఉండవలసింది కనుమకు ముందు, కనుమ కింది గుడారం దగ్గర. డబ్బు కట్టేముందు ఆ ఒక్క సంగతి అడగండి. ఏ గాలివేగానికి కనుమ దాటడం మానుకుంటారో, ఎన్ని గంటలకు ఎక్కడున్నా వెనక్కి తిరుగుతారో అంకెల్లో చెప్పమనండి. ఆ అంకెలు బయలుదేరకముందే, వేళ్లు వెచ్చగా ఉన్నప్పుడే, అందరి ఎదుటా కాగితం మీద రాసి ఉంచమనండి.